అడవిలో నిప్పు: హెచ్చరికను ఎలా చదవాలి, ఎప్పుడు కదలాలి



మన బడిలో ఎవరిని అడిగినా ఒకటే కథ. నాన్నకో అమ్మకో బదిలీ అవుతుంది. సామానంతా అట్టపెట్టెల్లోకి ఎక్కుతుంది. కొత్త ఊరు, కొత్త క్వార్టర్సు, కొత్త స్నేహితులు. కొత్త ఊరికి వెళ్లగానే బజారు ఎక్కడుంది, ఆసుపత్రి ఎక్కడుంది, బడి బస్సు ఎక్కడ ఆగుతుంది అని కనుక్కుంటాం. కానీ ఒక ప్రశ్న ఎవరూ అడగరు: "ఈ ఊరికి ఏ ప్రమాదం వస్తుంది? అది వచ్చే ముందు ఎవరు చెబుతారు? ఎలా చెబుతారు?"

ప్రతి ఊరికీ ఒక హెచ్చరిక భాష ఉంటుంది. విశాఖపట్నం నుంచి వచ్చిన మా మిత్రుడికి రేవులో ఎగరేసే తుపాను ప్రమాద సూచికల నెంబర్లు తెలుసు. భద్రాచలం వైపు నుంచి వచ్చిన మిత్రురాలికి గోదావరి నీటిమట్టం అడుగుల్లో తెలుసు. బస్తర్‌కు వచ్చాక మాత్రం మాకెవరికీ ఇక్కడి భాష తెలియలేదు. ఇక్కడి ప్రమాదాల్లో ఒకటి అడవి నిప్పు. అందుకే తెలుగు మాట్లాడే పిల్లలం కొందరం కలిసి, మా టీచరు సాయంతో, పెద్దలను అడిగి, చదివి ఈ పాఠం రాసుకున్నాం. రేపు మీలో ఎవరికి ఈ వైపు బదిలీ అయినా ఇది పనికొస్తుంది.

ముందుగా గోదావరి దగ్గరికి

జగదల్‌పూర్ పక్కనుంచి పారే ఇంద్రావతి నది పడమరకు వెళ్లి బీజాపూర్ జిల్లాలో భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే ఇక్కడ కురిసిన వాన కొన్నాళ్లకు భద్రాచలం రేవు మెట్లు తడుపుతుంది. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది.

ఆ మూడు అంకెలలో గొప్పదనం ఏమిటి? మా మిత్రురాలు చెప్పిన మాట ఇది: "మా అమ్మమ్మకు చదువు రాదు. కానీ రేడియోలో నలభై మూడు అనగానే బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కిస్తుంది. నలభై ఎనిమిది అంటే గొడ్లను మెరకకు తోలుతుంది. యాభై మూడు అనేదాకా ఇంట్లో ఉండదు."

అంటే అమ్మమ్మ దగ్గర ప్రతి అంకెకు ఒక పని జతగా ఉంది. హెచ్చరిక వినడం సగం పని. దానికి జతగా ఏ పని చేయాలో ముందే తేల్చుకుని ఉండడం మిగతా సగం. నిప్పు విషయంలోనూ ఇదే సూత్రం. ఈ పాఠం చివరికి వచ్చేసరికి మన చేతిలో కూడా అలాంటి జతలు ఉండాలి.

బస్తర్ అడవి ఎప్పుడు, ఎందుకు అంటుకుంటుంది?

బస్తర్‌లో గుగ్గిలం, టేకు, వెదురు, ఇప్ప, తునికి చెట్లు ఎక్కువ. గుగ్గిలాన్ని ఇక్కడ సాల్ అంటారు. చలికాలం పోయాక ఈ చెట్లు చాలావరకు ఆకు రాలుస్తాయి. మార్చి నాటికి నేల మీద ఎండుటాకు పరుపులా పేరుకుంటుంది. కాలు వేస్తే కరకరమంటుంది. మన అడవుల్లో నిప్పు చాలావరకు ఈ ఎండుటాకు మీదే, నేల వెంట పాకుతుంది. పెద్ద చెట్టు కొమ్మల దాకా ఎక్కడం తక్కువ. అందుకే దూరం నుంచి అది చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఆ పాకే నిప్పే మొలకలను, పక్షి గూళ్లను, పాములను, తాబేళ్లను కాల్చేస్తుంది. గాలి తోడైతే మనిషిని పరుగులో మించిపోతుంది.

ఛత్తీస్‌గఢ్ అటవీ శాఖ ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 వరకు నిప్పుల కాలంగా లెక్కిస్తుంది. మన పరీక్షలు, వేసవి సెలవులు, పిక్నిక్‌లు అన్నీ సరిగ్గా ఆ నాలుగు నెలల్లోనే వస్తాయి.

నిప్పు పుట్టేది ఎలా? మన దేశంలో అడవి నిప్పులు ఎక్కువగా మనుషుల చేతుల్లోంచే మొదలవుతాయి. బస్తర్‌లో కొన్ని కారణాలు ఇవి:

ఇప్పపువ్వు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది. తెల్లవారుజామునే ఊరంతా బుట్టలతో చెట్ల కిందకు వెళ్తుంది. ఎండుటాకుల మధ్య పువ్వు కనిపించదు కాబట్టి ముందుగా చెట్టు కింద ఆకు ఊడ్చి కాలుస్తారు. ఆ మంటను ఆర్పకుండా వదిలితే అడవిలోకి పాకుతుంది.

తునికాకు. బీడీలు చుట్టే ఈ ఆకును ఏప్రిల్ చివర, మే నెలలో కోస్తారు. నిప్పు పెడితే లేత ఆకు బాగా వస్తుందని కొందరి నమ్మకం. నిజానికి ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదలను కత్తిరిస్తే చాలు, మంచి ఆకు వస్తుంది. అటవీ శాఖ చేయించేది అదే.

పోడు. అడవిని కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తడం పాత పద్ధతి. అబూజ్‌మాఢ్ కొండల్లో దీన్ని పెందా అంటారు.

ఆర్పని బీడీ, సిగరెట్, వంట పొయ్యి. ఈ తప్పు చేసేది ఊరివాళ్ల కంటే దారిన పోయేవాళ్లు, పిక్నిక్‌కు వచ్చేవాళ్లు. అంటే మనలాంటివాళ్లు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "అడవి వాళ్లే తగలబెడతారు" అని క్వార్టర్సుల్లో తేలిగ్గా అనేస్తుంటారు. ఇప్పపువ్వు, తునికాకు ఇక్కడి గోండు, హల్బా, ధుర్వా, దోర్లా కుటుంబాలకు ఏడాదిలో చేతికందే నగదులో పెద్ద భాగం. ఆ అడవి కాలితే ముందుగా నష్టపోయేది వాళ్లే. నిప్పు వచ్చినప్పుడు పచ్చి కొమ్మలు విరిచి కొట్టి ఆర్పేదీ వాళ్లే. ఈమధ్య ఛత్తీస్‌గఢ్‌లో కొన్నిచోట్ల ఇప్పచెట్టు కింద వలలు కడుతున్నారు. పువ్వు వల మీద పడుతుంది. ఆకు కాల్చే పని లేదు, పువ్వుకు మట్టి అంటదు, ధర కూడా మెరుగు. తిట్టడం కంటే వల కట్టడం మంచి ఉపాయం కదా!

నిప్పు ఎలా నడుస్తుంది?

ఎనిమిదో తరగతి సైన్సులో చదువుకున్నాం: మండే వస్తువు, గాలి, వేడి. ఈ మూడూ ఉంటేనే నిప్పు. ఒకటి తీసేస్తే ఆరిపోతుంది. అటవీ శాఖ నిప్పుల కాలానికి ముందే అడవిలో పొడవాటి బాటలుగా ఆకు, గడ్డి తీసేస్తుంది. వీటిని ఫైర్ లైన్లు అంటారు. పాకుతూ వచ్చిన నిప్పుకు అక్కడ తినడానికి ఏమీ దొరకదు. ఆగిపోతుంది.

నిప్పు నడకను మూడు విషయాలు నిర్ణయిస్తాయి.

మొదటిది గాలి. గాలి ఎటు వీస్తే నిప్పు అటు పరుగెడుతుంది. నిప్పురవ్వలను ముందుకు ఎగరేసి కొత్తచోట అంటిస్తుంది. కాబట్టి పొగ ఎటు వాలుతుందో చూస్తే నిప్పు దారి తెలుస్తుంది.

రెండోది వాలు. నిప్పు ఎత్తుకు వేగంగా ఎక్కుతుంది, పల్లానికి నెమ్మదిగా దిగుతుంది. మంట పైకి లేస్తుంది కాబట్టి, పైనున్న గడ్డి ముందే వేడెక్కి ఎండి సిద్ధంగా ఉంటుంది. మనిషి సంగతి దీనికి తలకిందులు. ఎత్తు ఎక్కుతుంటే మనం నెమ్మదిస్తాం. అందుకే నిప్పును చూసి కొండ పైకి పరుగెత్తడం చాలా ప్రమాదం.

మూడోది తేమ. గాలిలో తేమ తగ్గేకొద్దీ ఆకు ఎండుతుంది. మధ్యాహ్నం రెండు, మూడు గంటల వేళ ఎండ ఎక్కువ, తేమ తక్కువ, గాలి ఎక్కువ. తెల్లవారుజామున మంచు పడి నిప్పు మందగిస్తుంది. ఉదయం సన్నగా కనిపించిన పొగ మధ్యాహ్నానికి మంటగా మారడానికి కారణం ఇదే.

ఆకాశం నుంచి కబురు

ఇప్పుడు హెచ్చరికల సంగతి. డెహ్రాడూన్‌లో ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 2004 నుంచి ఇది ఉపగ్రహాల సాయంతో అడవి నిప్పులను గుర్తించి రాష్ట్రాలకు కబురు పంపుతోంది. 2019 జనవరిలో ఈ పద్ధతి కొత్త రూపంలో వచ్చింది. ఉపగ్రహాల సమాచారాన్ని అందుకునే పెద్ద భూకేంద్రం మన హైదరాబాదు దగ్గరి షాద్‌నగర్‌లో ఉంది. అది జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానిది. బస్తర్ అడవిలో మంట రేగితే ఆ కబురులో తెలుగు నేలకూ ఒక చెయ్యి ఉందని తెలిసి మాకు సంతోషం వేసింది.

కబురు నడిచే దారి ఇది. ఉపగ్రహం నేల మీద చుట్టుపక్కల కంటే బాగా వేడిగా ఉన్న చుక్కను చూస్తుంది. ఆ చుక్క అడవి హద్దులో ఉందా లేదా అని కంప్యూటర్ సరిచూస్తుంది. ఉంటే ఆ ప్రాంతపు అటవీ అధికారుల ఫోన్లకు ఎస్ఎంఎస్ వెళ్తుంది. డీఎఫ్ఓ, రేంజర్, బీట్ గార్డు దాకా అది చేరుతుంది. గార్డు వెళ్లి చూస్తాడు. సంస్థ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే మామూలు పౌరులు కూడా తమ ప్రాంతపు కబురు పొందవచ్చు. మీ ఇంట్లో పెద్దలతో ఈ పని చేయించండి.

కానీ ఈ కబురుకు కొన్ని పరిమితులు ఉన్నాయి. అవి తెలియకపోతే మోసపోతాం.

ఒకటి: చుక్క అంటే కచ్చితమైన చోటు కాదు. ఇప్పుడు వాడే ఉపగ్రహ పరికరాల్లో ఒకటి నేలను 375 మీటర్ల గళ్లుగా చూస్తుంది. లెక్క వేయండి. 375 మీటర్లను 375తో గుణిస్తే సుమారు 14 హెక్టార్లు, అంటే దాదాపు 35 ఎకరాలు. నిప్పు ఆ గడిలో ఎక్కడైనా ఉండవచ్చు. పాత పరికరంలో గడి ఒక కిలోమీటరు.

రెండు: ఉపగ్రహం ఎప్పుడూ మన నెత్తిన ఉండదు. ఆ 375 మీటర్ల పరికరం ఉన్న సువోమీ ఉపగ్రహం సుమారు మధ్యాహ్నం ఒకటిన్నరకు, రాత్రి ఒకటిన్నరకు మన మీదుగా వెళ్తుంది. మిగతా ఉపగ్రహాలను కలిపినా రోజుకు కొన్నిసార్లే. సాయంత్రం నాలుగింటికి అంటుకున్న నిప్పు రాత్రిదాకా వాటి కంట పడకపోవచ్చు.

మూడు: దట్టమైన చెట్ల గొడుగు కింద, మబ్బు కింద, చిన్న నిప్పు కనిపించదు.

కాబట్టి ఈ వాక్యం నోటుబుక్కులో రాసుకోండి: కబురు రాలేదంటే నిప్పు లేదని అర్థం కాదు. ఉపగ్రహం కన్ను ఒకటి, మన కన్ను రెండోది. రెండూ కావాలి.

రంగులు ఏం చెబుతాయి?

భారత వాతావరణ శాఖ జిల్లాలవారీగా నాలుగు రంగుల్లో హెచ్చరికలు ఇస్తుంది. ఇవి నిప్పు హెచ్చరికలు కావు. వడగాడ్పు, ఉరుములు, ఈదురుగాలి, వాన వంటివాటికి ఇచ్చేవి. కానీ వడగాడ్పు, ఈదురుగాలి నిప్పుకు చుట్టాలే కదా! అందుకే వీటిని చదవడం రావాలి.

ఆకుపచ్చ: హెచ్చరిక ఏమీ లేదు.
పసుపు: గమనిస్తూ ఉండండి.
నారింజ: సిద్ధంగా ఉండండి.
ఎరుపు: చర్య తీసుకోండి.

ఎరుపు అంటే "చాలా భయం" అని కొందరు అనుకుంటారు. కాదు. రంగు మన భయాన్ని కొలవదు, మనం చేయాల్సిన పనిని చెబుతుంది.

ఇంకొకటి, సచేత్. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ నడిపే ఈ వేదికకు మొబైల్ యాప్ కూడా ఉంది. మన జిల్లా హెచ్చరికలు అందులో కనిపిస్తాయి. 2023లో దేశంలో చాలామంది ఫోన్లు ఒక్కసారిగా కీచుమని మోగి, తెర మీద పరీక్ష సందేశం వచ్చింది, గుర్తుందా? టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నింటికీ ఒకేసారి కబురు పంపే పద్ధతిని అప్పుడు పరీక్షించారు. మా ఇళ్లలో ఏం జరిగిందో చెబితే సిగ్గేస్తుంది. ఒకరి నాన్న "ఏదో టెస్ట్‌లే" అని ఓకే నొక్కేశారు. ఒకరి అక్క ఫోన్ పాడైందనుకుంది. చదివినవాళ్లు ఇద్దరే. పరీక్ష రోజున చదవని అలవాటు నిజమైన రోజున కూడా వెంటే వస్తుంది.

బయటి ప్రపంచం ఏం నేర్చుకుంది?

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2009 ఫిబ్రవరి 7న చెలరేగిన మంటల్లో 173 మంది చనిపోయారు. అక్కడ ఫోన్లు, రేడియోలు, మంచి రోడ్లు అన్నీ ఉన్నాయి. అయినా చాలామంది ఇల్లు కాపాడుకోవాలా, వెళ్లిపోవాలా తేల్చుకోలేక చివరి నిమిషందాకా ఆగారు. పొగలో రోడ్డెక్కేసరికి ఆలస్యమైపోయింది.

ఆ దేశం తన హెచ్చరికలను మార్చుకుంది. 2022 సెప్టెంబరు 1 నుంచి అక్కడ దేశమంతటా నిప్పు ప్రమాదాన్ని నాలుగు మెట్లుగా చెబుతున్నారు. ప్రతి మెట్టుకూ ఒక పని జత చేశారు. మోస్తరు అయితే ప్రణాళిక వేసుకోండి. ఎక్కువ అయితే సిద్ధంగా ఉండండి. తీవ్రం అయితే ఇప్పుడే కదలండి. మహావిపత్తు అయితే ప్రాణం దక్కాలంటే ఆ ప్రాంతం వదిలి వెళ్లండి. చూశారా, భద్రాచలం అమ్మమ్మ పద్ధతే!

మన దేశంలో అడవి పక్కన ఉండే మామూలు జనానికి రోజూ ఇలాంటి మెట్లు చెప్పే పద్ధతి ఇంకా అలవాటు కాలేదు. అందుకే మన మెట్లు మనమే పెట్టుకోవాలి.

మాకు జరిగింది

పోయిన ఏడాది మార్చిలో ఒక ఆదివారం మేము నాలుగు కుటుంబాలవాళ్లం వ్యాన్‌లో జలపాతం చూడడానికి వెళ్లాం. వెళ్లేటప్పుడే దూరంగా కొండ మీద సన్నటి పొగ కనిపించింది. "ఎవరో వంట చేసుకుంటున్నారు" అనుకున్నాం. మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్లేట్లలో నల్లటి నలుసులు పడ్డాయి. "గాలికి ఏదో దుమ్ము" అని ఊదేసి తిన్నాం. మూడింటికి సూర్యుడు ఎర్రగా, రాగి పళ్లెంలా కనిపించాడు. మాలో ఒకరు ఫొటో తీశారు. మూడు హెచ్చరికలు. మూడింటినీ చూశాం. ఒక్కదాన్నీ చదవలేదు.

తిరిగి వచ్చే దారిలో మలుపు తిరగగానే రోడ్డు మీద పొగ. పక్కన గట్టు మీద మోకాలెత్తు మంట చిటపటమంటూ పాకుతోంది. "వేగంగా దాటేద్దాం, పది సెకన్ల పని" అన్నారు ఒక అంకుల్. వెనక సీట్లోంచి ఇద్దరు వీడియో తీస్తున్నారు. డ్రైవర్ భయ్యా ఈ ఊరివాడే. ఏమీ మాట్లాడలేదు. లైట్లు వేసి, అద్దాలు ఎక్కించమని, బండి వెనక్కి తిప్పాడు. కిలోమీటరు వెనక్కి వచ్చి, ఊరి బడి ముందున్న ఖాళీ మైదానంలో ఆపాడు. ఫోన్ చేసి కబురు చెప్పాడు. అప్పుడు అన్నాడు: "మంట ఎంతుందో నాకు కనిపించింది. పొగ వెనక ఏముందో కనిపించలేదు. కనిపించనిదాంట్లోకి బండి తోలను."

రెండు గంటలు అక్కడే కూర్చున్నాం. గార్డులు, ఊరివాళ్లు కొమ్మలతో, ఆకు ఊదే యంత్రాలతో వచ్చారు. చీకటి పడ్డాక దారి తెరిచారు. పొగ వెనక మలుపులో ఒక చెట్టు రోడ్డుకు అడ్డంగా పడి కాలుతూ ఉంది. దాన్ని అప్పటికి పక్కకు లాగారు. మేము "వేగంగా దాటేసి" ఉంటే? ఆ వ్యాన్‌లో పదకొండు మందిమి ఉన్నాం. అందరికంటే చిన్నవాడికి నాలుగేళ్లు.

ఈ పాఠం రాయాలని అనుకున్నది ఆ రాత్రే.

మా మెట్లు: ఎప్పుడు ఏం చేయాలి?

ఇది ప్రభుత్వం ఇచ్చిన పట్టిక కాదు. మాకోసం మేము, పెద్దలను అడిగి, పెట్టుకున్నది.

మొదటి మెట్టు – చూడు, చెప్పు.
గుర్తులు: దూరంగా పొగ. వాతావరణ శాఖ పసుపు లేదా నారింజ హెచ్చరిక. ఎండ, పొడి గాలి.
పని: పొగ ఎటు వాలుతోందో చూడాలి. పెద్దలకు చెప్పాలి. అడవిలోకి నడక, పిక్నిక్ మానుకోవాలి. ఎవరు ఎక్కడున్నారో ఇంట్లో తెలిసి ఉండాలి.

రెండో మెట్టు – సర్దు, సిద్ధంగా ఉండు.
గుర్తులు: కాలిన వాసన గట్టిగా రావడం, బూడిద నలుసులు పడడం, సూర్యుడు ఎర్రబడడం, పొగ మన వైపు వాలడం.
పని: బయట ఉంటే వెంటనే తిరుగు ప్రయాణం. ఇంట్లో ఉంటే కిటికీలు మూయాలి. నీళ్లు, మందులు, ముఖ్యమైన కాగితాలు, టార్చి ఒక సంచిలో పెట్టాలి. ఇంటి చుట్టూ ఎండుటాకు ఊడ్చాలి, కాల్చకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్లను, చిన్నపిల్లలను, ముసలివాళ్లను ముందే దూరం పంపాలి.

మూడో మెట్టు – కదులు.
గుర్తులు: మంట కంటికి కనిపించడం, రోడ్డు మీద పొగ, పెద్దలు లేదా అధికారులు వెళ్లమనడం.
పని: ఫొటో లేదు, వీడియో లేదు, మరిచిపోయిన వస్తువు కోసం వెనక్కి పోవడం లేదు. నిప్పుకు దూరంగా, తెరిచిన నేల వైపు వెళ్లాలి. పొగలోకి బండి తోలకూడదు.

ఒక సూత్రం: రెండు మెట్ల మధ్య అనుమానం వస్తే పై మెట్టు పని చేయాలి. అనవసరంగా వెనక్కి వచ్చామని తర్వాత నవ్వుకోవచ్చు. నవ్వుకోవడానికి అందరం ఉండాలి కదా.

కబురు చెప్పడం కూడా ఒక విద్య

నిప్పు చూస్తే 112కు ఫోన్ చేయాలి. దగ్గరలో ఫారెస్ట్ నాకా ఉంటే అక్కడ చెప్పాలి. హిందీలో "జంగల్ మే ఆగ్ లగీ హై" అనడం మనందరికీ వచ్చు. ఆ తర్వాత ఈ ఐదూ చెప్పాలి: ఎక్కడ (ఊరి పేరు, కిలోమీటరు రాయి మీది అంకె), ఎంత పెద్దది, ఎటు పాకుతోంది, దగ్గరలో మనుషులు, ఇళ్లు ఉన్నాయా, మీ పేరు. తరగతిలో ఇద్దరిద్దరుగా దీన్ని సాధన చేయండి. కంగారులో ఉన్నప్పుడు సాధన చేసిన మాటే నోటికి వస్తుంది.

నిప్పు ఆర్పడం మన పని కాదు. అది శిక్షణ పొందినవాళ్ల పని. రోడ్డు దిగి అడవిలోకి పోవడం ఇక్కడ మరో కారణం వల్ల కూడా ప్రమాదమని మన ఇళ్లలో అందరికీ తెలుసు.

ఒకవేళ చిక్కుకుంటే

2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లను మంటలు చుట్టుముట్టాయి. నిలువు వాలు, ఎండిన గడ్డి, గాలి. 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లు మనలాగే సెలవు రోజు సరదాగా బయలుదేరినవాళ్లు. వాళ్లను తలుచుకుని ఈ మాటలు గుర్తుపెట్టుకుందాం:

కొండ పైకి పరుగెత్తకూడదు. పక్కకు, పల్లానికి, గాలికి అడ్డంగా వెళ్లాలి.
గడ్డి, ఆకు లేని చోటు వెతకాలి: రాతి బండ, ఇసుక వాగు, దున్నిన పొలం, వెడల్పైన రోడ్డు. ముందే కాలి చల్లారిన నల్లటి నేల కూడా మంచి చోటే, అక్కడ మళ్లీ కాలడానికి ఏమీ ఉండదు.
నూలు బట్టలు మంచివి. నైలాన్, పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటాయి.
ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకుని నేలకు దగ్గరగా ఉండాలి. పొగ పైకి పోతుంది, నేల దగ్గర గాలి కొంత మేలు.
గుంపు విడిపోకూడదు. చిన్నవాళ్లు మధ్యలో.

చట్టం ఏమంటుంది?

1927 నాటి భారత అటవీ చట్టం 26వ సెక్షన్ ప్రకారం రిజర్వు అడవికి నిప్పు పెట్టడం, అడవికి ప్రమాదం కలిగేలా నిప్పును వదిలేయడం నేరం. అడవిలో హక్కులు అనుభవించేవాళ్లు, అక్కడ పనిచేసేవాళ్లు నిప్పు సంగతి అధికారులకు చెప్పాలని, ఆర్పడంలో సాయపడాలని అదే చట్టం 79వ సెక్షన్ చెబుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ అభయారణ్యాల్లో నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తుంది. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం మనకు దగ్గరే. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి కొండ మైనా అక్కడ ఉంటుంది. అక్కడికి వెళ్లినప్పుడు పెద్దలు అగ్గిపెట్టె తీస్తే "వద్దండీ" అని మర్యాదగా చెప్పే హక్కు మనకుంది.

చివరి మాట

మనం ఈ ఊళ్లో మూడేళ్లు ఉంటామో, నాలుగేళ్లో. ఆ తర్వాత ఇంకో ఊరు. కానీ ఇక్కడి ఇప్పచెట్టు ఇక్కడే ఉంటుంది. దాని కింద బుట్ట పట్టుకుని తెల్లవారుజామున వచ్చే మన వయసు పిల్లలూ ఇక్కడే ఉంటారు. అతిథి ఇంటికి నిప్పంటకుండా చూసుకోవడం మర్యాద. ఇంటివాళ్లు "లేవండి" అన్నప్పుడు లేవడం తెలివి. ఈ రెండూ నేర్చుకుంటే బస్తర్ మనకు పాఠం నేర్పినట్టే.

తెలుసుకోవలసిన మాటలు
ఫైర్ లైన్: నిప్పు పాకకుండా ఆకు, గడ్డి తీసేసిన బాట.
బీట్: ఒక గార్డు కాపలా కాసే అడవి భాగం.
వడగాడ్పు: మామూలు కంటే చాలా ఎక్కువ వేడితో వీచే పొడి గాలి.
మెరక: చుట్టుపక్కల కంటే ఎత్తైన నేల.

ఆలోచించి రాయండి
1. మీరు ఇంతకుముందు ఉన్న ఊళ్లో ఏ ప్రమాదానికి ఎలాంటి హెచ్చరిక ఉండేది? ఆ హెచ్చరికకు మీ ఇంట్లో ఏ పని జతగా ఉండేది?
2. కబురు రాకపోయినా నిప్పు ఉండవచ్చు. ఎందుకు? రెండు కారణాలు రాయండి.
3. వ్యాన్ కథలో మూడు హెచ్చరికలు ఏవి? ఒక్కోదాని దగ్గర ఏం చేసి ఉండాల్సింది?
4. పొగ ఉత్తరానికి వాలుతోంది. మీ ముందు ఉత్తరాన కొండ, తూర్పున ఇసుక వాగు ఉన్నాయి. ఎటు వెళ్తారు? ఎందుకు?

ఇంటి పని
ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని మీ మూడు మెట్లు ఒక కాగితం మీద రాయండి. ఎవరు ఏ సంచి పట్టుకోవాలో, ఎక్కడ కలుసుకోవాలో అందులో ఉండాలి. దాన్ని ఫ్రిజ్ మీద అంటించండి. బదిలీ అయినప్పుడు ఆ కాగితాన్ని తర్వాత ఆ క్వార్టర్లోకి వచ్చే కుటుంబానికి వదిలి వెళ్లండి.